భయముచేత ఆడిన అబద్ధము

ఒక ఇల్లాలు భర్తకు తెలియకుండ ఒక వస్తువు కొని, దానిని దాచి, అతడు అడిగినప్పుడు కొనలేదని బొంకినదనుకొందము. తప్పు ఎవరిది? ఆమెదే అని వెంటనే అందుము. అబద్ధము అబద్ధమే గనుక ఆ తీర్పును కాదనుటకు వీలులేదు. అయితే ఆమె ఎందుకు బొంకవలసి వచ్చెనో విచారింపకయే తీర్పు ముగించుట న్యాయమా? ఈ ప్రశ్న నాకు ఒక హాస్య నాటకమాలను చూచుచుండగా కలిగినది.

“ఐ లవ్ లూసీ” అను ఆ టెలివిజన్ నాటకములు అమెరికాలో 1951 అక్టోబరు 15న సి.బి.ఎస్. సంస్థ ద్వారా ప్రారంభమై 1957 మే నెల వరకు నడిచినవి. న్యూయార్కు నగరములో అద్దె ఇంట కాపురముండు దంపతుల కథ యది. భర్త రికీ క్యూబా దేశమునుండి వచ్చిన పాటగాడు. ఒక నైట్‌క్లబ్బులో వాద్యబృందమును నడుపుచుండును. భార్య లూసీకి తానును రంగస్థల మెక్కవలెనని తీరని కోరిక. ఇంటి యజమానులైన ఫ్రెడ్, ఎథెల్ దంపతులు వారి ప్రతి చిక్కులోను పాలుపంచుకొందురు. నిజ జీవితములోను భార్యాభర్తలైన లూసిల్ బాల్, డెసీ ఆర్నాజ్ అనువారే లూసీ రికీల పాత్రలు ధరించిరి.

కథలు చాలవరకు ఒకే దారిని నడచును. లూసీ ఏదో ఒకటి చేయును, భర్తకు తెలియనీయదు, దాచుటకు చేసిన ప్రయత్నమే మొదటి తప్పుకంటె పెద్ద ఆపద తెచ్చును. డబ్బు సంపాదించువాడు భర్త, ఖర్చునకు లెక్క అడుగువాడును భర్తయే. పోపుల డబ్బాలో దాచిన రూపాయల సంగతి ఎరిగినవారికి ఈ ఇల్లు క్రొత్తగా తోచదు. లూసీ నిర్దోషి అని నేననను. ఆమె అబద్ధములలో కొన్ని కేవలము గొప్పకొరకు పుట్టినవి. రికీయు క్రూరుడు కాడు, ఆమెను ప్రేమించువాడే. అయినను ఆమె అబద్ధములలో చాలవాటిని తరచి చూచితే అడుగున కనబడునది భయము.

ఆ భయము ఊరకనే కలిగినది కాదు. కొన్ని కథలలో రికీ ఆమెను చిన్నపిల్లవలె ఒడిలో బోర్లవేసికొని కొట్టును. అక్కడి ప్రేక్షకులు నవ్విరి. ఇప్పుడు చూచువారికి ఆ నవ్వు గొంతులోనే ఆగిపోవును. ఆ రోజులలో పెద్దలు దేనికి జంకిరో చూడుడి. లూసిల్ నిజముగా గర్భవతియైనప్పుడు కథలోని లూసీని కూడ అట్లే చూపదలచిరి. “గర్భవతి” అనుటకు ఆంగ్లములో వాడు మామూలు మాటను పలుకనీయలేదు. పైగా ఒక కథోలిక గురువు, ఒక ప్రొటెస్టంటు పాదిరి, ఒక యూదుల రబ్బీ ఆ కథలను ముందుగా చదివి, అభ్యంతరము లేదనిరి. 1953 జనవరి 19న లూసీ ఆసుపత్రికి వెళ్లిన కథను సుమారు 4 కోట్ల 40 లక్షలమంది చూచిరి. లూసిల్‌కు కుమారుడు పుట్టినదియు ఆ దినముననే. బిడ్డ పుట్టుట దేవుని దీవెన. దానిని పరీక్షించుటకు ముగ్గురు బోధకులు కావలసి వచ్చిరి! భార్యను కొట్టి నవ్వించుట మాత్రము ఏ పరీక్షయు లేకుండ సాగిపోయెను.

శారా సంగతి జ్ఞాపకము చేసికొనుడి. గుడారపు ద్వారము వెనుక ఆమె నవ్వినది; అడిగినప్పుడు నవ్వలేదన్నది. భయపడెను గనుకనే అట్లన్నదని ఆదికాండము 18వ అధ్యాయము కారణము కూడ చెప్పుచున్నది. ఆమె మాట అబద్ధమని అక్కడనే తేలినది. అయినను ఆమెకిచ్చిన వాగ్దానము తప్పిపోలేదు. అబద్ధమును ఒప్పుకొనకుండుట ఒకటి, అబద్ధమాడినదానిని త్రోసివేయుట మరియొకటి.

1952 సెప్టెంబరు 15న ప్రసారమైన ఒక కథలో ఈ విషయమంతయు ఉన్నదని నా అభిప్రాయము. డబ్బు విషయమై తగవు పెరిగి, భార్యలు ఉద్యోగమునకు పోవలెననియు భర్తలు ఇల్లు చూడవలెననియు పందెము పడుదురు. లూసీ, ఎథెల్ ఒక చాక్లెట్ల కార్ఖానాలో చేరుదురు. కదలుచున్న బెల్టుమీద వచ్చు చాక్లెట్లకు కాగితము చుట్టుటయే వారి పని. ఒక్కటి చుట్టకుండ దాటిపోయినను ఉద్యోగము పోవునని అజమాయిషీ చేయు స్త్రీ బెదరించి పోవును. బెల్టు వేగము పెరుగును. చుట్టలేనివాటిని వారు నోట కుక్కికొందురు, టోపీలలోను రవికెలలోను దాచుకొందురు. ఆ స్త్రీ తిరిగివచ్చి, ఖాళీగానున్న బెల్టును చూచి, భేషని మెచ్చుకొని, ఇంకను వేగముగా నడపుడని కేక వేయును! పని చేతకాలేదని చెప్పుటకు ఆ గదిలో చోటు లేదు. దాచగలిగినందుకు దొరికిన బహుమానము ఇంకను ఎక్కువ భారము. బెదరింపుతో నడచు ఇండ్లు, బడులు, కచేరీలు అన్నియు ఇట్లే గదా!

ఇంతటి హాస్యమును నడపిన ఆ దంపతుల సొంత కాపురము నిలువలేదు. డెసీ తన తాగుడును గూర్చి 1976లో అచ్చువేయించిన స్వీయచరిత్రలో తానే వ్రాసికొనెను. 1960 మార్చిలో వారు కలసి నటించిన చివరి కార్యక్రమము చిత్రీకరణ ముగిసిన మరునాడే లూసిల్ విడాకులకు దావా వేసెను. నాటకములో అరగంటకు తేలిన లెక్క ఇంటిలో ఇరువది యేండ్లకును తేలలేదు. దీనినిబట్టి ఆ నవ్వంతయు బూటకమని కొందరందురు; నేనట్లు తలంపను. తమ ఇంట సాధింపలేనిదానిని నటులు మనకు చూపగలరు.

అట్లు చూపినది ఆ చాక్లెట్ల కథయొక్క చివర నున్నది. ఇంటి దగ్గర మగవారి సంగతి ఏమాయెను? మోతాదు తెలియక పోసిన బియ్యము పొంగి, గిన్నె దాటి, వంటయిల్లంతయు పరచుకొనెను. సాయంకాలము భార్యలు ఇల్లు చేరగా, భర్తలు దేనిని దాచలేదు. ఇల్లు నడపుట తమవలన కాలేదని ముందుగా తామే ఒప్పుకొనిరి. అంతట లూసీయు బొంకలేదు. సంపాదన తమకును చేతకాలేదని ఒప్పుకొనెను. అప్పుడు రికీ, ఫ్రెడ్ సంతోషముగా తమ భార్యలకు తెచ్చిన కానుకలను ముందుంచిరి. ఒక్కొక్కరికి ఐదేసి పౌన్ల చాక్లెట్లు!