గడువు ఎవరికి?

మా దువ్వూరు రైతు నడిగితే గడువంటే ఏమిటో చెబుతాడు. కె.సి. కాలువకు నీళ్లు ఆలస్యమైతే నారు ముదిరిపోతుంది. కారణం ఎంత గట్టిదైనా నారు వినిపించుకోదు. కోర్టులు అలా కాదు, వింటాయి. వినడమే వాటి పని కదా!

అయినా కోర్టుల్లోనూ నారులాంటి మొండి గడువు ఒకటుంది. హత్యలాంటి నేరంలో పట్టుకున్నవాణ్ణి లోపల ఉంచుకుని 90 రోజుల్లో చార్జిషీటు వెయ్యకపోతే, జామీను చూపించగానే అతనికి బెయిలు హక్కు వస్తుంది. నేరం చేశాడా లేదా అన్న ప్రశ్నే రాదు. 1973 నాటి కోడులోని ఈ లెక్క, 2024 జూలైలో వచ్చిన కొత్త సంహితలోనూ ఉంది.

మా జిల్లాలోనే చూశాం. 2019 మార్చి 15న పులివెందులలో మాజీ మంత్రి వై.యస్. వివేకానందరెడ్డిగారు సొంత ఇంట్లోనే హత్యకు గురయ్యారు. మార్చి 28న అరెస్టయిన ఒక నిందితుడు జూన్ 27న బెయిలు తెచ్చుకున్నాడు. చార్జిషీటు పడలేదు మరి.

"ఇదేం న్యాయం సామీ! పోలీసోళ్లు తడవు చేస్తే శిక్ష చచ్చినాయన ఇంటోళ్లకా?" అన్నాడు టీ అంగడి దగ్గర ఒక పెద్దాయన.

సబబైన ప్రశ్నే. కాని గడువు లేకపోతే ఏమవుతుందో 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసులో దేశమంతా చూసింది. నేరం రుజువైతే పడే శిక్షకన్నా ఎక్కువకాలం, విచారణే లేకుండా బీహారు జైళ్లలో మగ్గినవాళ్లు బయటపడ్డారు. త్వరగా విచారణ జరగడం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు అప్పుడే చెప్పింది. అందుకని ఆ 90 రోజుల్ని ఎత్తేయమని నేననను. లోపలున్నవాడి రోజులూ నారులా ముదిరేవే.

పెద్దాయన ప్రశ్నకు 2023 జనవరిలో సగం జవాబు దొరికింది. గడువు దాటి వచ్చిన బెయిలునైనా, తర్వాత పడిన చార్జిషీటులో బలమైన ఆధారాలుంటే రద్దు చెయ్యవచ్చునంది సుప్రీంకోర్టు. లేకపోతే దర్యాప్తులో దొంగాటకు బహుమతి ఇచ్చినట్టేనట.

ఇక పొడిగింపుల సంగతి. దర్యాప్తు 2023 ఏప్రిల్ 30కల్లా ముగించమని సి.బి.ఐ.కి చెప్పిన సుప్రీంకోర్టే దాన్ని జూన్ 30కి జరిపింది. తెలంగాణ హైకోర్టు ఏప్రిల్ 27న ఆ నిందితుడి బెయిలు రద్దు చేస్తూనే, జూన్ 30 గడువు తీరుతుంది గనక జూలై 1న వదిలెయ్యమంది. జైలుకు తిరుగు టికెట్టు కూడా ఉంటుందని అప్పుడే విన్నాను! మే నెలలో సుప్రీంకోర్టు ఆ టికెట్టును నిలిపేసింది.

పొడిగింపు కోరేవాళ్ల కారణాలు చాలాసార్లు నిజమే. సాక్షి దొరకడు, లేబొరేటరీ రిపోర్టు రాదు. నాకు నచ్చనిదల్లా ఒక్కటే. అడిగేది ఒకరు, ఖర్చయ్యేవి ఇంకొకరి రోజులు. వివేకానందరెడ్డిగారి భార్య, కూతురు సుప్రీంకోర్టుకెక్కాకే 2022 నవంబరులో విచారణ హైదరాబాదుకు మారింది. గడువు పెంచమనే ప్రతి పిటిషనులోనూ కారణాల కింద ఇంకో వరస రాయించాలని నా కోరిక: ఇందులో ఖైదీ రోజులెన్ని, చచ్చినాయన ఇంటివాళ్లవెన్ని, పనులు మానుకుని రాత్రి బస్సెక్కే సాక్షివెన్ని అని.