వేలిని కదిలించిన కర్త ఎవరు?

పక్షవాతానికి గురైన వ్యక్తి తలపై తీగచుట్ట ఉంచి, అందులోకి క్షణకాలం బలమైన విద్యుత్తును పంపితే పుట్టే అయస్కాంత క్షేత్రం, పుర్రెను కోసే పని లేకుండానే లోపలికి చొచ్చుకుపోయి మెదడు పైపొరలోని నాడీకణాలను ప్రేరేపిస్తుంది. ఆ తాకిడి చేతిని నడిపే స్థానంపై పడితే, రోగి తలచకపోయినా అతని బొటనవేలు చటుక్కున కదలవచ్చు. 1985లో ఇంగ్లండులోని షెఫీల్డులో ఆంథొనీ బార్కర్ బృందం చూపిన ఈ పద్ధతికి టీఎంఎస్ అని పేరు. ఆ కదలికకు కర్త ఎవరన్నది మాత్రం వైద్యం తేల్చగల ప్రశ్న కాదు.

పురుషుడు, అంటే ఆత్మ, సాక్షి మాత్రమేననీ, చేసేదంతా ప్రకృతేననీ సాంఖ్యులు అంటారు. యంత్రం కదిపిన వేలికీ, మనిషి కదిపిన వేలికీ గల తేడాను వారు ‘నేను’ అనే భావమైన అహంకార తత్త్వంతో వివరించగలరు గాని, అప్పుడు కర్తృత్వం భ్రమగానే మిగిలిపోతుంది. నైయాయికుల దారి వేరు. జ్ఞానం వల్ల ఇచ్ఛ, ఇచ్ఛ వల్ల ప్రయత్నం, ప్రయత్నం వల్ల శరీర చేష్ట కలుగుతాయన్నది వారి క్రమం. ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో ప్రయత్నాన్ని ఇరవై నాలుగు గుణాలలో ఒకటిగా లెక్కించాడు. తీగచుట్ట ఆ క్రమంలోని మొదటి మూడింటినీ దాటవేసి శరీరాన్ని మాత్రమే కదిలిస్తుంది కనుక, అది కలిగించేది చలనమే గాని చేష్ట కాదు. మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్, మెలకువగా ఉన్న రోగుల మెదడును శస్త్రచికిత్స వేళ విద్యుత్తుతో తాకినప్పుడు చేయి కదిలితే, ఆ పని తమది కాదని, వైద్యుడిదేనని వారు చెప్పడం ఇందుకు సాక్ష్యమే.

పునరావాస చికిత్సలో చిక్కు ఇంకాస్త లోతైనది. తలపై అంటించిన ఎలక్ట్రోడుల ద్వారా ఒకటి రెండు మిల్లీఆంపియర్ల విద్యుత్తును పంపే టీడీసీఎస్ అనే పద్ధతి వేలిని కదపదు. కణాల సంసిద్ధతను కొద్దిగా మారుస్తుందంతే. అందుకే దాన్ని తరచుగా గ్లాసు పట్టుకోవడం, గుండీ పెట్టుకోవడం వంటి అభ్యాసాలతో జతచేస్తారు. అయినా ఫలితాలు అందరిలో ఒకేలా లేవు. సంసిద్ధతే బయటి నుంచి వచ్చినప్పుడు ప్రయత్నం రోగిదెలా అవుతుందని ఆక్షేపించవచ్చు. అయితే ఆత్మ మనస్సంయోగం లేనిదే ప్రయత్నం పుట్టదన్న న్యాయమతంలోనే దానికి ఇతర కారణాల అవసరం అంగీకృతమై ఉంది. పనిముట్టు చేతిలో ఉన్నప్పుడే వడ్రంగి కర్త అవుతాడని బ్రహ్మసూత్రాలు సూచించిన దృష్టాంతమూ ఇక్కడ పనికివస్తుంది: పనిముట్టుకు పదును పెట్టినవాడు బల్లను చేసినవాడు కాడు.

కనుక అభ్యాసంతో కోలుకున్న చేతి పనికి కర్త రోగే. యంత్రం సహకారి కారణం మాత్రమే.