ఏడు మిల్లీమీటర్ల ఉప్పెన

పోయిన సంక్రాంతికి హైదరాబాద్ నుంచి మునగాల వెళ్తూ ఒక ఓడని అట్టపెట్టెలో పెట్టుకుని తీసుకెళ్ళాను. 1:700 స్కేలు, పొడవు ఆరు సెంటీమీటర్ల పైచిలుకు. పేరు సెంచూరియన్. 1804 సెప్టెంబర్ 15న విశాఖపట్నం ఎదుట ఫ్రెంచి అడ్మిరల్ లినోయ్ మూడు నౌకలతో వచ్చి పడితే ఒంటరిగా నిలబడిన 50 ఫిరంగుల బ్రిటిష్ యుద్ధనౌక. అది కాపలా కాస్తున్న రెండు వర్తక నౌకల్లో ఒకటి ఫ్రెంచివాళ్ళకి చిక్కింది, ఒకటి ఒడ్డుకి కొట్టుకుని పగిలిపోయింది. మన తీరంలో జరిగిన యుద్ధం కదా అని దాన్ని ఎంచుకున్నాను. "మన" అన్న మాట అక్కడ ఎంతవరకు చెల్లుతుందో అప్పుడు ఆలోచించలేదు.

ఓడ కంటే నాకు కింద ఉండే సముద్రం ఇష్టం. అట్ట మీద ఫెవికాల్ రాసి, టిష్యూ పేపర్‌ని ముడతలు పడేలా అద్దాలి. ఆరాక ముదురు నీలం. అలల భుజాల మీద కొంచెం ఆకుపచ్చ. దాదాపు పొడిగా ఉన్న కుంచెతో శిఖరాల మీద తెల్లటి నురగ. చివర్లో గ్లాస్ వార్నిష్ రెండు కోట్లు వేస్తే, ఆ క్షణంలో అట్ట నీళ్ళయిపోతుంది. కోడ్ రాసి బతికేవాడికి ఇంత తొందరగా కళ్ళముందు కనిపించే ఫలితం మరెక్కడా దొరకదు.

మునగాలకి సముద్రం లేదు. ఒకప్పుడు మాత్రం ఈ పరగణాయే ఒక దీవి: చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో కృష్ణా జిల్లా ముక్క. ఆ పాత చుట్టరికాల వల్లే కాబోలు మా అమ్మమ్మది దివిసీమ. 1977 నవంబర్ 19 ఉప్పెన తర్వాత కొన్నేళ్ళకి మా అమ్మ దగ్గరికి వచ్చేసింది. ఆ రాత్రి గురించి ఇంట్లో ఎవరూ అడగరు.

ఓడని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. తర్వాత అంది: "ఓడ బాగుందిరా. నీళ్ళు ఇట్టా ఉండవు. మట్టిరంగులో ఉంటయ్."

ఇది రంగుల మీద విమర్శ అనుకుని, అది లోతు సముద్రమనీ, నదీముఖాల దగ్గరే బురద కలుస్తుందనీ చెప్పబోయాను. అమ్మ మోచేత్తో పొడిచింది.

తిరిగొచ్చాక లెక్క వేశాను, అలవాటు కొద్దీ. దివిసీమలో నీళ్ళు లేచింది సుమారు అయిదు మీటర్లు. నా స్కేల్లో ఏడు మిల్లీమీటర్లు. మనిషి రెండున్నర కూడా ఉండడు. ముప్ఫై సెంటీమీటర్ల దూరం నుంచి నేను ఓడని చూస్తున్నానంటే, నిజానికి 210 మీటర్ల ఎత్తు నుంచి చూస్తున్నట్టు. అంత ఎత్తు నుంచి మొహాలు కనపడవు, అరుపులు వినపడవు. అలలు మాత్రం అందంగా ఉంటాయి. పగిలిన ఆ వర్తకనౌక కూడా ఒడ్డున పడిన చిన్న చెక్కముక్కలా ఉంటుంది. స్కేలు ఎంచుకోవడం అంటే ఎక్కడ నిలబడి చూడాలో ఎంచుకోవడమే. నేనది పెట్టె మీద అంకె చూసి ఎంచుకున్నాను.

అలాగని ఉప్పెన చూసినవాళ్ళే సముద్రాన్ని గీయాలంటే ఒప్పుకోను. దుఃఖాన్ని లైసెన్సుగా అడిగితే కళే కాదు, చరిత్ర రాయడం కూడా ఆగిపోతుంది. పైగా చిన్నవి చేయడం మీద అమ్మమ్మకి ఏ అభ్యంతరమూ లేదు. ప్రతి సంక్రాంతికీ బొమ్మల కొలువులో చెరువు పెట్టేది ఆవిడే. ఒక అద్దం ముక్క, చుట్టూ ఇసుక, మొలకెత్తిన మెంతులు, రెండు ప్లాస్టిక్ బాతులు.

ఆ అద్దం గురించే ఎక్కువ ఆలోచించాను. అది నీళ్ళలా ఉన్నానని ఎవరినీ నమ్మించదు. వంగి చూస్తే మన మొహమే కనపడుతుంది. నా సముద్రం నమ్మిస్తుంది. వార్నిష్ పని అదే. తప్పు ఎక్కడన్నా ఉంటే అందం దగ్గర కాదు, ఇదే నిజమని ఒప్పించే ఆ మెరుపు దగ్గర ఉందనిపిస్తోంది. ఇది కూడా పూర్తిగా నమ్మలేకపోతున్నాను. ఎందుకంటే ఆ మెరుపే లేకపోతే అమ్మమ్మ దాన్ని సముద్రంగా చూసేదే కాదు, ఆ మాట అనేదీ కాదు.

గత నెల ఒక బేస్‌కి మట్టిరంగు వేశాను. వార్నిష్ వేయలేదు. మా ఫ్లాట్‌మేట్ చూసి "ఇదేంటి, సాగర్ కాలవా?" అన్నాడు. దాని మీద ఏ ఓడా పెట్టలేదు. ఉగాదికి ఊరెళ్ళాలి. తీసుకెళ్ళాలో వద్దో అమ్మకి ఫోన్ చేసి అడిగాను. "ఆవిణ్ణే అడుగు" అని ఫోన్ అమ్మమ్మకి ఇచ్చింది.

"ఓడ తెస్తున్నావా?" అంది.

ఓడ లేదు, నీళ్ళే అన్నాను.

కాసేపు ఆగి, "ఎంత లోతు పెట్టావ్?" అని అడిగింది.