మన చేతి క్రిస్మసు కార్డు



క్రిస్మసు సమీపించుచుండగా శుభాకాంక్షలు పంపవలెనను కోరిక మనకు కలుగును. ఇప్పుడు చేతిఫోనులో ఒకే బొమ్మ నూరు ఇండ్లకు క్షణములో పోవుచున్నది. అయినను కుట్టుపని, ముగ్గులు, బొమ్మలు ఇష్టమైనవారు ఆ పనితోనే తమ కార్డులు తయారుచేసికొనుట కద్దు. అది ప్రేమయా, లేక మన నేర్పును నలుగురికి చూపుకొనుటయా? ఈ ప్రశ్న చిన్నదిగా కనబడును గాని చిన్నది కాదు.

అచ్చు కార్డు పుట్టుక వినదగినది. 1843లో లండనులో హెన్రీ కోల్ అనునతడు, వచ్చిన ఉత్తరములకన్నిటికి జవాబు వ్రాయ తీరిక లేక, హార్స్‌లీ అను చిత్రకారునిచేత బొమ్మ గీయించి సుమారు 1000 కార్డులు అచ్చు వేయించెను. అటు ఇటు బీదలకు అన్నవస్త్రములిచ్చుట, నడుమ ఒక కుటుంబము ద్రాక్షారసము త్రాగుట అందులో ఉండెను. చిన్నబిడ్డకు సయితము త్రాగించుట చూచి మద్యము మానవలెనని బోధించువారు ఆక్షేపించిరి. ఆక్షేపణ న్యాయమే. అయితే మాకు వింతగా తోచునది వేరొకటి: అచ్చు కార్డు తీరిక లేనందున పుట్టినది, చేతి కార్డు మన తీరికనే ఇచ్చివేయుచున్నది.

ఎంత తీరిక కావలెనో శ్రీకాళహస్తికి పోయి చూడుడి. కలంకారి పనివారు గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరవేయుదురు. పాలు లేనియెడల రంగు అలుముకొనును. ఇనుపముక్కలను బెల్లపు నీళ్లలో పులియబెట్టి నలుపు తీయుదురు. వెదురుపుల్లకు ఉన్నియో గుడ్డయో చుట్టి అదే కలముగా గీయుదురు. ఎరుపునకు పటిక, ఉతుకుటకు స్వర్ణముఖి పారునీరు. ఇది దేవాలయపు తెరలు గీసిన పని గదా, మనకు తగునా అని కొందరు పెద్దలు సందేహింతురు. కరక్కాయకు, వెదురునకు మతము లేదు. ఆ ఊరి చిత్రకారులే ఆ కలముతో క్రీస్తు జీవితమును కూడ గీసియున్నారు.

అపాయము మరియొక చోట నున్నది. నిర్గమకాండము 31వ అధ్యాయములో బెసలేలు చేతిపనికి దేవుని ఆత్మ పూర్ణుడైనాడు. పుట త్రిప్పినచో 32వ అధ్యాయములోనే అహరోను పోగరతో బంగారు దూడను చేయుచున్నాడు. పనిముట్లు, బంగారము రెండు చోట్లను ఉన్నవి. కనుక నేర్పు ఉన్నంతమాత్రమున పని పరిశుద్ధము కాదు, దోషమును కాదు. ఎవరికొరకు చేసితిమను దానిని బట్టియే తేలవలెను.

ఇక్కడ యొప్పేలోని దొర్కా మనకు తోడ్పడును. అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయములో ఆమె కుట్టిన అంగీలను పేతురునకు చూపినది ఆమె కాదు, ఏడ్చుచున్న విధవరాండ్రు. కుట్టుట ఆమెకు ఇష్టమైన పనియే అయి ఉండవచ్చును, అందులో తప్పేమి? అయితే కొలత చూడకుండ అంగీ కుదురునా? ఆ విధవరాలి భుజమెంతో, చేయి ఎంత పొడవో ఆమె ఎరిగియుండవలెను.

కార్డునకును అట్టి కొలతయే కావలెను. చదువురాని అవ్వకు పద్యము వ్రాసి పంపుట మన సంతోషమే గాని ఆమెది కాదు. ఆమె వాకిట వేయు ముగ్గు మధ్య ఒక నక్షత్రము గీసి పంపిన ఆమె గ్రహించును. చూపు మందగించిన తాతకు దళసరి అట్టపై లావుదారముతో పశువులతొట్టి కుట్టినయెడల వ్రేళ్లతో తడిమి చూచుకొనును. ఈ ఏడు బిడ్డను పోగొట్టుకొనిన ఇంటికి తళుకు కాగితమేల? మన పేరు చిన్నదిగా వ్రాసి, వస్తామని ఒక మాట వ్రాసి, వెళ్లవలెను.

ఇరువది కార్డులకు ఓపిక లేనివారు మూడే చేయవచ్చును. గుడ్డముక్కపై కలంకారి వేయదలచినవారు మాత్రము నవంబరులోనే మొదలుపెట్టుడి. ఇనుము, బెల్లము పులియుటకే వారములు పట్టును.