నిద్రమాత్ర, కల్లు, ఐదో శీలం

పంచశీల గురించి చెప్పిన ప్రతిచోటా ఎవరో ఒకరు అడుగుతారు: "డాక్టరు రాసిన నిద్రమాత్ర వేసుకుంటే ఐదో శీలం పోయినట్టేనా?" నవ్వి వదిలేసే ప్రశ్న కాదిది. జవాబు చెప్పాలంటే ముందు మెదడులో జరిగేది కొంత తెలియాలి.

మెదడులో నరకణాలు ఒకదాన్నొకటి ఉసిగొల్పుతుంటాయి. ఆ ఉరుకుడుకి కళ్లెం వేసే రసాయనం పేరు గాబా. అది వచ్చి తగలడానికి నరకణం పైపొరలో గ్రాహకాలుంటాయి. ఒక్కో గ్రాహకం ఐదు ముక్కలు గుండ్రంగా చేరి, మధ్యలో సన్నటి దారితో ఉంటుంది. గాబా తగిలితే దారి తెరుచుకుని క్లోరైడ్ అయాన్లు లోపలికి పోతాయి, కణం నెమ్మదిస్తుంది. ఈ కళ్లెం బాగా సడలితే ఫిట్సే. డైజిపామ్, ఆల్ప్రజోలామ్ లాంటి మాత్రలు తమంతట తాము ఆ దారి తెరవవు. పక్కన ఇంకోచోట అతుక్కుని, గాబా వచ్చినప్పుడు మరిన్నిసార్లు తెరుచుకునేలా చేస్తాయి. సారా కూడా ఈ కళ్లేన్నే లాగుతుంది. అందుకే రెండూ కలిస్తే ఊపిరి ఆగేదాకా పోవచ్చు.

రోజూ బయటినుంచి ఎవరో లాగుతుంటే మెదడు తన పట్టు తాను వదిలేస్తుంది. నిన్నటి మోతాదు ఇవాళ చాలదు. ఉన్నట్టుండి ఆపితే వణుకు, నిద్రలేమి, పిచ్చిమాటలు, ఫిట్స్. 2015 సెప్టెంబరులో తెలంగాణలో ఇదే జరిగింది. కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరఫరా ఆగేసరికి నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల జనం ఆసుపత్రులకు వరస కట్టారు. అలాంటి కల్లులో కలిపేది ఆల్ప్రజోలామ్, డైజిపామ్ లాంటివే. తాగేవాడికి ఆ సంగతి ఎవరు చెప్తారు?

ఉపాసకులు చేయకూడని వ్యాపారాలు ఐదని బుద్ధుడు చెప్పాడు. మత్తు అమ్మడం ఒకటి, విషం అమ్మడం ఇంకొకటి. కల్లులో మాత్రల పొడి కలిపేవాడు ఒకే సీసాలో రెండూ అమ్ముతున్నాడు. కూలికెళ్లొచ్చి ఒళ్లు నొప్పులకి తాగినవాణ్ణి ముందు నిలబెట్టి తిట్టడం నాకు న్యాయమనిపించదు.

ఇక మాత్ర సంగతి. ఐదో శీలంలో బరువున్న మాట పమాదం, అంటే ఏమరుపాటు. జబ్బుపడ్డ భిక్షువుకి కాచే నూనెలో కాస్త మద్యం కలపడానికి బుద్ధుడే ఒప్పుకున్నట్టు వినయపిటకంలో ఉంది. రంగు, వాసన, రుచి తెలియకూడదన్నది షరతు. ఫిట్స్ వచ్చిన బిడ్డకి ఆసుపత్రిలో ఇచ్చే డైజిపామ్ మందే. దిగులు మరిచిపోడానికి చీటీ లేకుండా కొనుక్కునేది మాత్రం వేరు. ధ్యానానికి అడ్డంకి అని మనం చెప్పుకునే థీనమిద్ధాన్ని డబ్బిచ్చి తెచ్చుకోడమే అది. మగతని ప్రశాంతత అనుకోకండి.

మన పాచిపెంట కొండల్లో జీలుగు కల్లు చెట్టు మీంచే దిగుతుంది, అది వేరే చర్చ. కానీ ఏళ్ల తరబడి రోజూ సారా తాగే మనిషి ఏ ఊళ్లోనైనా ఉంటాడు. అతను శీలం తీసుకుంటానని వస్తే, చప్పట్లు కొట్టి "ఇవాళ్టినుంచి చుక్క ముట్టకు" అని పంపేయకండి. రెండోరోజు రాత్రి ఫిట్స్ వస్తే కొండమీంచి డోలీ కట్టుకుని దిగాలి. ముందే పాచిపెంట పీహెచ్‌సీకో, సాలూరు ఆసుపత్రికో తోడు వెళ్లండి. ఇలాంటివాళ్లకి డాక్టర్లు తరచుగా కొన్నాళ్లు డైజిపామ్ లాంటి మాత్రే ఇచ్చి, మెల్లగా తగ్గిస్తూ ఆపుతారు. ఐదో శీలం నిలబెట్టుకోడానికి అప్పుడా మాత్రే ఊతకర్ర. ఆ నాలుగు రాత్రులూ ఎవరో ఒకరు అతని ఇంట్లో పడుకోండి.