చెరిపిన మాట ఎవరిది?

వాట్సాప్‌లో పంపిన మాటను అందరి ఫోన్లలోంచీ తీసేసే వీలు 2017లో వచ్చింది. మొదట ఏడు నిమిషాలే గడువు. 2022లో అది రెండు రోజులు దాటింది. అయినా నోటిఫికేషన్లలో పడిన మాటను పట్టి ఉంచే యాప్‌లున్నాయి. అలా పట్టినదాన్ని ఎవరూ మార్చలేని ఫైలుగా నిలబెడితే, రాసినవాడి చేయి ఇక దానిమీదికి పోదు. అది న్యాయమా అన్నదే ఇక్కడి ప్రశ్న.

ఈ ప్రశ్న కువైట్‌లోని మహబూలాలో పదునెక్కుతుంది. కరోనా కాలంలో కువైట్ ప్రభుత్వం 2020 ఏప్రిల్ 6న మహబూలానూ జలీబ్ అల్ షుయూఖ్‌నూ దిగ్బంధించి, జూలై 9న తెరిచింది. రెండూ వలస కూలీలు ఇరుకు గదుల్లో సర్దుకునే పేటలు. అకామా (నివాస అనుమతి) కఫీల్ (పూచీ ఉన్న యజమాని) చేతిలో ఉన్న ఒక కడప మనిషి ‘జీతం రాలేదు, బియ్యం అయిపోయాయి’ అని గ్రూపులో పెట్టి, కాసేపటికే తీసేశాడనుకుందాం. అతని గదిలోని ఇద్దరు వాదానికి దిగుతారు.

“దాచాల్సిందే తమ్ముడూ. రేపు జీతం కోసం లేబర్ ఆఫీసుకు పోతే ఏం చూపిస్తాడు?”

“కఫీల్ కంటపడితే పనొదిలి పోయాడని పరారీ కేసు పెడతాడన్నా. అందుకే తీసేశాడు.”

“భయపడి తీసేస్తే ఇష్టపడి తీసేసినట్టా?”

“కాదు. కానీ ఆ దెబ్బ తగిలేది అతనికే, దాచినోడికి కాదు.”

పెద్దవాడి ప్రశ్న బలమైనదే, జవాబు అంతకన్నా బలమైనది. భయం సమ్మతి కాకపోయినా, తన ప్రమాదం ఎంతో అందరికన్నా బాగా తెలిసినవాడి నిర్ణయం అది.

పెద్దవాడు మధ్యేమార్గం వెతుకుతాడు: “పేరు తీసేసి పెడదాం.” ఇలాంటి దారి యూరప్ తొక్కింది. 2014లో మారియో కోస్తేహా కేసులో పాత అప్పుల ప్రకటన పత్రికలో అలాగే ఉండిపోయింది. ఆయన పేరుతో వెతికితే మాత్రం దాన్ని చూపకుండా గూగుల్‌ను ఆపవచ్చని యూరోపియన్ న్యాయస్థానం అంది. మహానగరపు పత్రికకు అది సరిపోవచ్చు, ఇరుకు గదికి చాలదు.

“బిల్డింగు, తేదీ ఉన్నాక పేరెందుకన్నా? ఆ గదిలో ఉండేది మనమేగా.”

“అందరూ చెరిపేస్తే, ఆ మూడు నెలలు మహబూలాలో ఎవరూ పస్తుండలేదని రాస్తారు.”

ఇది తోసేయలేని మాట. ప్రభుత్వ ప్రకటనలు మిగులుతాయి, కూలీ మాట మిగలదు.

“అయితే అతన్నే అడుగు. ఇప్పుడు కాదు, ఊరు చేరినాక. అప్పటిదాకా నీ దగ్గరే ఉండనీ.”

“వద్దంటే?”

“తీసేయాలి.”

కాబట్టి అభ్యంతరం దాచడం మీద కాదు, వెనక్కి తీసుకోలేని రూపం మీద. ‘వద్దు’ అన్నప్పుడు తీసేసే వీలు అందులో ఉండి తీరాలి.