వంద నవలల వీరుడు, ఒక్క నవల స్త్రీ

ఒక నవలలో ఒక స్త్రీ చనిపోతే అది కథ. అదే రచయిత, అదే హీరోతో రాసిన యాభై నవలల్లో యాభై మంది స్త్రీలు ఎత్తుకుపోబడో, రక్షింపబడో, చచ్చిపోయో, తర్వాతి పుస్తకంలో ఎవరికీ గుర్తుకు కూడా రాకుండా పోతే దాన్నేమనాలి? విడివిడిగా ఏ నవలనీ తప్పుపట్టలేం. మరి తప్పెక్కడుంది?

ఈ పద్ధతి స్పష్టంగా కనిపించేది వెస్టర్న్ నవలల్లో. ఎక్కడినుంచో గుర్రంమీద ఒకడొస్తాడు. ఊరికి న్యాయం చేస్తాడు. వెళ్లిపోతాడు. వాడు వెళ్లిపోతేనే తర్వాతి పుస్తకం ఉంటుంది. ఇంగ్లండుకు చెందిన టెర్రీ హార్క్‌నెట్, జార్జ్ జి. గిల్‌మన్ అన్న కలంపేరుతో 1972లో మొదలుపెట్టిన ‘ఎడ్జ్’ సీరీస్ 60 పుస్తకాలు దాటింది. హీరో ఒకామెతో కాపురం పెట్టి స్థిరపడితే సీరీస్ ఆగిపోతుంది. కాబట్టి ఆమె వెనకే ఉండిపోవాలి, లేదా చచ్చిపోవాలి. ఇది రచయిత క్రూరత్వం కాదు, ప్రక్రియ అవసరం అంటారు. ‘ఆచారం, మనమేం చేస్తాం’ అన్న మాటకీ దీనికీ తేడా ఎంత?

ఈ ప్రక్రియకి ఎడారి కూడా అక్కర్లేదని మన డెల్టాయే రుజువు చేసింది. తెనాలి దగ్గర బుర్రిపాలెంలో పుట్టిన కృష్ణ 1971లో ‘మోసగాళ్ళకు మోసగాడు’లో కౌబాయ్ అయ్యాడు. ఆరుద్ర రాసిన ఆ సినిమా కోసం ఎడారిని రాజస్థాన్‌లో వెతుక్కున్నారు. మన నవలలు ఆ శ్రమ కూడా పడలేదు. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంట్ రాజు మద్రాసు వీధుల్లో తిరిగారు. మధుబాబు ‘షాడో’ దేశాలు తిరిగాడు. గుర్రాలు పోయి కార్లూ విమానాలూ వచ్చాయి. వయసు మీదపడని హీరో మాత్రం అలాగే ఉన్నాడు. బెజవాడ నుంచి పల్లెటూరి అద్దె పుస్తకాల షాపు దాకా వీళ్లకోసం ఎదురుచూసిన పాఠకులున్నారు. పాతమాట తప్పకుండా ప్రతిసారీ కొత్తకథ చెప్పడం చిన్న శ్రమేమీ కాదు. తెలుగు చదివే అలవాటు ఎందరికో అక్కడే అబ్బింది. చులకన చేసే ఉద్దేశం నాకు లేదు.

కానీ లెక్కలో తేడా చూడండి. ఇదే కృష్ణాజిల్లా కాజలో పుట్టిన యద్దనపూడి సులోచనారాణి నవలల్ని మన విమర్శ ఎంత నిలదీసింది! ఆరడుగుల అందగాళ్లనీ, పెద్ద కార్లనీ చూపించి ఆడపిల్లల్ని కలల్లో ముంచేస్తోందని ఎన్ని ఎత్తిపొడుపులు! ‘సెక్రటరీ’లో జయంతి ఉద్యోగానికి బయల్దేరిన సంగతి ఆ హోరులో వినపడనే లేదు. మగవాడి కలలో తుపాకీ ఉంటే అది కాలక్షేపం, ఆడదాని కలలో కారు ఉంటే అది సామాజిక ప్రమాదం. గుడివాడలో మా పెద్దమ్మ ఇంట్లో డిటెక్టివ్ పుస్తకాలు అరుగు మీదే పడుండేవి. ఆమె చదివే నవలలు మాత్రం బియ్యం డబ్బా వెనక ఉండేవి.

పెద్దమ్మ ఆ అరుగు మీద పుస్తకాలూ వదల్లేదు. అందులో కాపాడబడే అమ్మాయి తనని ఎప్పుడూ అనుకోలేదట, తనే షాడో అనుకునేదట. అన్నం కోసం ఎవరూ ఎదురుచూడని బతుకు, ఎవరినీ అడక్కుండా గడప దాటే బతుకు ఆమెకి అక్కడే దొరికింది. పాఠకురాలు రచయిత గీసిన గీతలో ఉండదు అనడానికి ఇదే సాక్ష్యం. అయితే ఆ స్వేచ్ఛకి ఆమె చెల్లించిన ధర కూడా చూడాలి. హీరోతోపాటు తిరగాలంటే, కథలో తనలాంటి ఆడదాన్ని ప్రతిసారీ వెనక వదిలి రావాలి.

అందుకే నైతిక బాధ్యతని పుస్తకం పుస్తకంగా లెక్కగడితే సరిపోదని నా వాదన. ఒకసారి జరిగితే సంఘటన. వందసార్లు జరిగితే లోకంతీరు. సీరీస్ రాసేవాళ్లు రాసేది వంద చిన్న పుస్తకాలు కాదు, ఒకే పెద్ద పుస్తకం. దాని మొత్తానికి వాళ్లు జవాబుదారీ. అలాగని హీరోకి పెళ్లి చేయమనో, తుపాకీ దించమనో నేనడగను. హీరో వయసుని ఆపే హక్కు రచయితకుంది. అతని జ్ఞాపకాన్ని కూడా తుడిచేసే హక్కు ఉందా?

మొదటి పుస్తకంలో చనిపోయినామె పేరు అయిదో పుస్తకంలో అతని నోట ఒక్కసారి వినిపిస్తే సీరీస్ ఆగిపోదు. అప్పటిదాకా జరిగిన కథలకే అర్థం మారుతుంది. ఇప్పుడు మనలో థ్రిల్లర్లు రాసే స్త్రీలు ఉన్నారు, ఆడ డిటెక్టివ్‌లనీ సృష్టిస్తున్నారు. తుపాకీ చేయి మారితే చాలదు. ఆమె దాటివచ్చిన ఊళ్లలో మిగిలిపోయినవాళ్లు ఆమెకైనా గుర్తుండాలి.